బండి అమ్మే ముందు ఒక్కసారి బానెట్ ఎత్తండి

దీపావళి వెళ్లి వరికోతలు మొదలయ్యే రోజుల్లో మా వైపు చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. "బండికి కరెంటు రావట్లేదు, ఇక అమ్మేద్దాం." జూన్‌లో వానలు పడగానే షెడ్డులోకి తోసిన పాత జీపు, పాత వ్యాను, పాత ట్రాక్టరు, అన్నిటి మీదా ఇదే తీర్పు. తీర్పు చెప్పేది మగవాళ్లు. బండి పోయాక ఆ లోటు ఎక్కువగా పడేది మనం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెలల తరబడి ఆగిన పాత బండిలో కరెంటు పనిచేయకపోతే అది చచ్చిపోయినట్టు కాదు. ఎక్కడో తుప్పు పట్టింది, లేదా ఎలుక కొరికింది, లేదా బ్యాటరీ ఆకలితో పడుంది. ఎక్కడో కనిపెట్టడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, వరస తెలిస్తే చాలు. ఆ వరస ఇంటి ఆడవాళ్లకు తెలిసి ఉండాలని నేనంటాను. డబ్బు మిగలడం ఒక కారణం. ఆ బండిలో పడుకునేది మన పిల్లలూ మన పెద్దవాళ్లూ కావడం అంతకంటే పెద్ద కారణం.

పడుకునే బండి అంటే మన దగ్గర ఏముంటుందని అనుకోవచ్చు. విదేశాల్లో మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ బిగించిన మోటార్ హోములుంటాయి. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ల పేరుతో పర్యాటక పథకమే మొదలుపెట్టింది. మనకు మాత్రం అలాంటి బండి అనగానే గుర్తొచ్చేది చైతన్యరథం. 1982లో ఎన్టీఆర్ గారు ఒక పాత షెవర్లే వ్యానును మార్పించుకుని, తిండీ నిద్రా చాలావరకు అందులోనే కానిస్తూ రాష్ట్రమంతా తిరిగారు. హరికృష్ణ గారు నడిపారు. మా ఊళ్లలో ఉన్నవి ఆ రథానికి పేద చుట్టాలు. వెనక సీట్లు తీయించి, చెక్క బల్లలు వేయించి, పరుపులు పరిచి, రెండో బ్యాటరీ పెట్టించి, రెండు చిన్న ఫ్యాన్లూ లైట్లూ బిగించుకున్న వ్యాన్లు. సీట్లు మారిస్తే ఆర్టీవో దగ్గర రాయించుకోవాలి, పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. అవన్నీ చేయించుకుని నడుపుకునే కుటుంబాలు పాల్వంచ నుంచి భద్రాచలం దాకా అక్కడక్కడా ఉన్నాయి. మాదీ అందులో ఒకటి.

ఈ వ్యాను మగవాళ్లకు ఒక సౌకర్యం, మనకు అవసరం. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మణుగూరు, ఏటూరునాగారం మీదుగా అడవి దారిలో వెళ్లి, లక్షల మంది మధ్య రెండు మూడు రాత్రులు గడపాలి. మగవాళ్లు టవల్ పరుచుకుని చెట్టు కింద పడుకుంటారు. మోకాళ్లు అరిగిన అత్తగారు, నెలసరి వచ్చిన ఆడపిల్ల, చంటిబిడ్డ తల్లి ఎక్కడ పడుకోవాలి? చీర మార్చుకోవాలంటే తలుపు వేసుకునే చోటు ఎక్కడ? భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం రోజున గది దొరకాలంటే ఎంత కష్టమో వెళ్లినవాళ్లకు తెలుసు. ఆ వ్యాను ఉంటేనే మా అత్తయ్య బయలుదేరుతుంది. లేకపోతే "మీరు వెళ్లిరండమ్మా, నేను ఇంట్లో దీపం పెట్టుకుంటా" అంటుంది. అందుకే వ్యాను అమ్మేద్దామన్న మాట నాకు ఇనుప సామాను గురించిన మాటలాగా వినిపించదు.

2025 శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లొచ్చాక మా వ్యాను రేకుల షెడ్డులోకి వెళ్లింది. నవంబరులో తీస్తే తాళం తిప్పినప్పుడు "టక్" మని ఒక్క శబ్దం, అంతే. ముందు లైట్లు మిణుకుమన్నాయి, వెనక లైట్లు అసలు లేవు. కుడి ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మసకగా ఆరుతూ వెలుగుతూ ఉంది. మెకానిక్ వచ్చి చూసి, వైరింగ్ మొత్తం మార్చాలి, బ్యాటరీ మార్చాలి, అంతా కలిపి 28,000 అవుతుందన్నాడు. మా బావగారు, మా ఆయన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాత సామాన్ల వ్యాపారికి ఫోన్ చేద్దామనుకున్నారు. జనవరిలో జాతర ఉంది. నేను వారం రోజులు ఆగమన్నాను.

ఆగిన బండి ఎందుకు చెడుతుందో ముందు చూద్దాం. రోజూ తిరిగే బండిలో డైనమో బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఆపేస్తే నింపేవాళ్లు లేరు, తాగేవాళ్లు మాత్రం ఉంటారు. టేపురికార్డరు జ్ఞాపకం, గడియారం, తాళం అలారం లాంటివి తాళం తీసేశాక కూడా కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం, అది పెద్ద తప్పేమీ కాదు. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. వ్యాను బ్యాటరీ 65 ఆంపియర్ అవర్లదైతే నెలకే సగం పైగా ఖాళీ. రెండు నెలలకు ఏమీ మిగలదు. పాల ప్యాకెట్ల లెక్క వేసే మనకు ఈ లెక్క కష్టం కాదు.

ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. అడుగంటిన పాలగిన్నెను వెంటనే నానబెడితే పోతుంది, నెల తర్వాత తోమితే పోదు. ఇదీ అంతే. పైగా మా కొత్తగూడెం వైపు ఎండలు బ్యాటరీ ఆయుష్షును ఇంకా తగ్గిస్తాయి.

ఆ తర్వాత వాన. గోదావరి పక్కన ఉండేవాళ్లకు తేమ గురించి ఒకరు చెప్పాలా? 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. వరద చేరని ఊళ్లలో కూడా ఆ నాలుగు నెలలూ గాల్లో నీళ్లుంటాయి. పప్పు డబ్బాలో పురుగు పట్టే కాలంలోనే బండి తీగల చివర్లకు పచ్చటి చిలుం పడుతుంది. అడవి అంచు ఊళ్లలో ఎలుకలు, కుమ్మరి పురుగులు, చీమలు కూడా చేరతాయి. వెచ్చగా, చీకటిగా, మనిషి అలికిడి లేకుండా ఉన్న బానెట్ కింద చోటు వాటికి పుట్టిల్లు.

నేను చదివింది తెలుగు బి.ఏ. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా ఇంటర్ చదివే మా అమ్మాయి పుస్తకం చదివి, ఒక పెద్ద మెకానిక్ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదే. కానీ మన డిగ్రీలో పనికొచ్చేది ఒకటుంది. సంధి విడదీసేటప్పుడు ఎక్కడ చూస్తాం? రెండు పదాలు కలిసిన చోట. బండిలో కూడా జబ్బు ఎక్కువగా కలిసిన చోటే ఉంటుంది. తీగ మధ్యలో తనంతట తాను చెడదు, ఎలుక కొరకాలి, లేదా ఇనుప అంచుకు రాసుకుపోవాలి. తీగ బోల్టుకు కలిసిన చోట, ఫ్యూజు పెట్టెలో కూర్చున్న చోట, బల్బు హోల్డర్లో దిగిన చోట చిలుం పడుతుంది.

అందుకని మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. కరెంటు బయలుదేరుతోందా? తిరిగి వస్తోందా? మధ్యలో ఎవరు ఆపుతున్నారు? ఈ మూడూ తేలకుండా కొత్త సామాను ఏదీ కొనకూడదు.

మొదలుపెట్టే ముందు చేతులు చూసుకోండి. బంగారు గాజులు, ఉంగరాలు, ఇనుప గొలుసు ఉన్న గడియారం తీసి పక్కన పెట్టండి. మంగళసూత్రం, నల్లపూసల గొలుసు జాకెట్టు లోపలికి దోపుకోండి. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు, నిజమే. కానీ బ్యాటరీ ప్లస్‌కూ బండి ఇనుముకూ మధ్య ఉంగరం పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది, వేలు మీద ఉండగానే. గాజులు తీయకూడదని మా అత్తయ్య గొడవ పెట్టింది. మట్టిగాజుల్లో కరెంటు పారదు, అవి ఉంచుకోవచ్చని చెబితే శాంతించింది. పైట కొంగు నడుముకు చుట్టుకోండి, జుట్టు ముడేసుకోండి. ఇంజను నడుస్తున్నప్పుడు బెల్టు, ఫ్యాను దగ్గరకు అసలు వెళ్లొద్దు.

మొదటి ప్రశ్న బ్యాటరీ. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి ఉంటే ముందు మైనస్ తీగ ఊడదీయాలి, తర్వాత ప్లస్. పెట్టేటప్పుడు దీనికి తిరగేసి, ప్లస్ ముందు, మైనస్ చివర. కారణం తెలిస్తే ఎప్పటికీ మరిచిపోరు. బండి ఇనుమంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానరు పక్కనున్న ఇనుముకు తగిలి నిప్పులు లేస్తాయి. మైనస్ తీసేశాక తగిలినా ఏమీ కాదు. ఆ పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దితే బుసబుస పొంగి పోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి దిగకూడదు. ఆరాక బిగించి, పైన వాజ్‌లైన్ రాయండి.

మూడు నాలుగు వందల్లో దొరికే మల్టీమీటరు ఒకటి కొనండి. చార్జింగ్ పెట్టి, తీసేసి, కొన్ని గంటలు ఊరికే ఉంచిన బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగం. 12 కంటే కింద ఉంటే ఆకలితో ఉన్నట్టు. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో నింపుతున్నట్టు. మా బ్యాటరీ రాత్రంతా చార్జింగ్ పెట్టి తీస్తే సాయంత్రం 12.5 చూపించింది, తీగలన్నీ ఊడదీసి ఉంచినా తెల్లారేసరికి 11.4కి పడిపోయింది. ఎవరూ తాగకుండానే కారిపోయిందంటే లోపల ఒక గది పోయినట్టే. మెకానిక్ చెప్పినదాంట్లో ఇది నిజం. బ్యాటరీ మార్చాల్సిందే.

రెండో ప్రశ్న తిరుగుదారి, అంటే ఎర్త్. ఇంట్లో బల్బుకు రెండు తీగలు వస్తాయి. బండిలో చాలా లైట్లకు పెట్టెలోంచి వచ్చేది ఒక్క తీగే. తిరిగి వెళ్లడానికి బండి ఒళ్లే దారి. ఆ దారిలో కలిపే బోల్టు తుప్పు పడితే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది, పక్క బల్బులోంచి దూరి వెళ్తుంది. కుడి ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మసకగా వెలగడానికి అర్థం అదే. ఇది కనిపించిందంటే వైరింగ్ మొత్తం మార్చమని అనే ముందు ఎర్త్ బోల్టు వెతకాలి. మా వ్యానుకు వెనక కుడి చక్రం పైన, మట్టి పేరుకుపోయిన చోట ఉంది. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, వాజ్‌లైన్ రాశాం. ఇండికేటర్ ఇండికేటర్‌లాగే వెలిగింది. దానికి ఖర్చు ఒక గరుకు కాగితం.

ఇక్కడ ఒక కిటుకు చెప్పాలి. మీటరు కొన్నిసార్లు మోసం చేస్తుంది. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు పెడితే మాత్రం వెలగదు. కారణం, మీటరు కరెంటు తాగదు, బల్బు తాగుతుంది. సన్నటి ధారతో గ్లాసు నిండుతుంది గానీ ఇల్లు కడగలేం కదా. అందుకని పాత బ్రేకు బల్బుకు రెండు తీగలు అతికించిన టెస్ట్ ల్యాంపు దగ్గరుంచుకోండి. ఒక కొస ఎర్త్‌కు, ఇంకో కొస అనుమానం ఉన్నచోట పెట్టాలి. నిండుగా వెలిగితే అక్కడిదాకా దారి బాగుంది. మసకబారితే జబ్బు ఆ వెనకే ఉంది.

మూడో ప్రశ్న ఫ్యూజు. ఇదొక్కటి చదివి మిగిలింది మరిచిపోయినా నాకు బాధ లేదు. రంగుల ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. తీగ ఎంత కరెంటు మోయగలదో చూసి దానికి తగ్గ ఫ్యూజు పెడతారు. ఎక్కువ కరెంటు పారితే ముందు ఫ్యూజు పోవాలి, తీగ మిగలాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎరుపు తీసి ఆకుపచ్చ పెట్టడం, రాగి తీగ చుట్టడం మన ఊళ్లలో మామూలు. మా వ్యాను వెనక లైట్ల ఫ్యూజు తీసి చూస్తే దానికి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. ఎవరు చుట్టారో ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ తీగ వెంట వెనక్కి వెళ్లాం. చెక్క బల్ల కింద, సరిగ్గా మా అత్తయ్య పడుకునే పరుపు కింద, ఎలుక తీగ తొడుగు కొరికేసింది. లోపలి రాగి బండి ఇనుముకు తగులుతోంది. జానెడు మేర తొడుగు కరిగి నల్లగా అయిపోయింది. సెల్ఫ్ తిప్పడానికి వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగల బ్యాటరీ అది. ఎరుపు ఫ్యూజు ఉండుంటే రాగి ఇనుముకు తగిలిన క్షణమే పోయి ఊరుకునేది. వెండి కాగితం పోలేదు, తీగను కాలనిచ్చింది. ఆ కాలిన చోటు అక్కడే తెగిపోయి లైట్లు ఆరిపోవడం వల్ల ఆగింది గానీ, పైన దూది పరుపుంది. మా ఆయన ఆ నల్లటి తీగను చేత్తో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వ్యాపారికి ఫోన్ చేసే సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

అందుకే "లైటు వెలిగిందా లేదా" అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోయే రిపేరు నాకు రిపేరు కాదు. వెలిగించడం ఎవరైనా చేస్తారు. తప్పు జరిగినప్పుడు ఆపేది ఏమిటి అని కూడా అడగాలి. పిల్లల్ని ఎక్కించేవాళ్లం ఈ ప్రశ్న అడిగితీరాలి.

వెనక బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. ఫ్యాన్లకూ లైట్లకూ విడిగా బ్యాటరీ పెట్టించుకున్నవాళ్లు రెండు చూసుకోవాలి. ఒకటి, నీళ్లు పోసే బ్యాటరీ చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాన్ని గాలి ఆడని పెట్టెలో పెట్టి పైన పడుకోకూడదు. బయటికి గాలి పోయే దారి ఉండాలి, దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. రెండు, లెక్క. చిన్న ఫ్యాను 2 ఆంపియర్లు లాగితే రెండు ఫ్యాన్లు ఎనిమిది గంటలకు 32 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల మంచి బ్యాటరీ ఒక రాత్రికి సుఖంగా ఇస్తుంది. సగం కంటే కిందికి దించకపోతే ఎక్కువ కాలం బతుకుతుంది. మరి పాత బ్యాటరీ రెండు గంటలకే ఫ్యాను ఆపేస్తే తప్పు ఫ్యానుది కాదు.

ఇక మనం ఆగాల్సిన గీత. వ్యానులో ఇన్వర్టర్ ఉన్నా, బయట ఇంటి ప్లగ్గు నుంచి 230 వోల్టులు లాక్కునే ఏర్పాటు ఉన్నా, ఆ వైపు చేయి పెట్టొద్దు. ఆ కరెంటు ప్రాణం తీస్తుంది. వానాకాలం ఆగిన బండిలో ఆ తీగను ఎలుక కొరికి ఉంటే బండి ఒళ్లంతా షాకు కొట్టవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఎర్త్ సరిగ్గా ఉందా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పనిచేస్తోందా చూపించుకున్నాకే ప్లగ్గు పెట్టండి. జాతరలో పక్క గుడారం వాళ్ల తీగకు కొక్కెం తగిలించే పని ఎవరు చేసినా చెయ్యి పట్టుకుని ఆపండి. 12 వోల్టుల వైపు మనది, 230 వోల్టుల వైపు తెలిసినవాళ్లది.

మెకానిక్‌ను తిట్టడానికి ఇది రాయడం లేదు. నాలుగు బళ్లు ఎదురుచూస్తుంటే ఒక్కో తీగ వెతికే తీరిక ఆయనకు ఉండదు. మొత్తం మార్చేస్తే మళ్లీ ఫిర్యాదు రాదు, ఆయన లెక్క ఆయనది. మేము మూడు ప్రశ్నలకూ జవాబు రాసుకుని వెళ్లాక ఆయనే, "ఇట్లా చెప్తే నా పని సగం అయినట్టే అక్కా" అన్నాడు. కాలిన తీగ మేర కొత్తది వేసి, గొట్టంలోంచి లాగి, సరైన ఫ్యూజు పెట్టాడు. ఆయన కూలికి, సామానుకు 1,800. కొత్త బ్యాటరీ 6,500. అంతే అయింది. జబ్బు ఏమిటో చెప్పలేని రోగికి డాక్టరు అన్ని పరీక్షలూ రాస్తాడు. బండి విషయంలో మనం ఆ రోగిలా వెళ్తున్నాం.

"ఇవన్నీ మనకెందుకు, ఇంటి పనే తెమలట్లేదు" అనే అక్కచెల్లెళ్లకు నాదొక ప్రశ్న. మిక్సీ తిరగకపోతే మీరేం చేస్తారు? ప్లగ్గు చూస్తారు, స్విచ్చు చూస్తారు, జారు సరిగ్గా కూర్చుందా చూస్తారు, తిరగేసి అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కుతారు. అప్పటికీ తిరగకపోతేనే షాపుకు పంపిస్తారు. మీరు చేసింది అచ్చంగా ఇదే పని. వంటింట్లో చేస్తే అలవాటు అంటారు, బానెట్ కింద చేస్తే విద్య అంటారు, తేడా అంతే.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. "ఆడవాళ్లు బండి విప్పితే మగవాళ్లకు చిన్నతనం." మా ఇంట్లో మొదటి రోజు బావగారు వసారాలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నారు. రెండో రోజు టార్చిలైటు పట్టుకున్నారు. మూడో రోజు మల్టీమీటరు ఎట్లా చూడాలో మా అమ్మాయిని అడిగారు. ఆయనకు తెలియదని ఇన్నేళ్లూ మాలో ఎవరికీ తెలియదు. మగవాడు కాబట్టి తెలిసి ఉంటుందని మనం అనుకున్నాం, తెలియదని చెప్పుకునే వీలు మనమే ఇవ్వలేదు. పాల్వంచ కేటీపీఎస్, మణుగూరు దగ్గర భద్రాద్రి ప్లాంటు, ఈ రెండిటి మధ్య బతుకుతున్నాం. కరెంటు పుట్టే చోట ఉండి కూడా ఒక ఫ్యూజు చూడటం ఇంట్లో ఎవరికీ రాకపోవడం ఆడా మగా అందరికీ సిగ్గే.

బండిని మళ్లీ ఆపేటప్పుడు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. నెల కంటే ఎక్కువ ఆగుతుందనుకుంటే మైనస్ తీగ ఊడదీయండి. నెలకోసారి బ్యాటరీని ఇంట్లో చార్జింగ్ పెట్టండి. నీళ్లు పోసే రకమైతే గీత దాకా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి, కుళాయి నీళ్లు వద్దు. వ్యానులో బిస్కెట్ ముక్క, వడ్ల గింజ మిగలకుండా ఊడవండి. ఎలుక ముందు తిండి కోసం వస్తుంది, తర్వాత కాపురం పెడుతుంది. మా వైపు పొగాకు కట్టలు పెడతారు. పెట్టుకోండి గానీ దాన్నే నమ్ముకోవద్దు. వారానికోసారి బానెట్ ఎత్తి, వెలుతురు పడనిచ్చి, చూడటం అన్నిటికంటే మేలు. తీసేటప్పుడు సైలెన్సర్ గొట్టంలో, హారన్‌లో కుమ్మరి పురుగు మట్టి గూడు ఉందేమో చూడండి. పనిచేయని స్విచ్చును పదిసార్లు అటూ ఇటూ కొట్టండి, లోపలి చిలుం రాలిపోయి చాలాసార్లు అదే దారికొస్తుంది.

ఫ్యూజు పెట్టె మూత తీసి ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. ఏ ఫ్యూజు దేనిదో తెలుగులో రాసి మూత లోపల అతికించండి. మా వ్యానులో ఇప్పుడు "వెనక లైట్లు, ఎరుపు, 10, కాగితం చుట్టరాదు" అని ఉంది. గ్యాస్ బండ బుక్ చేసిన తేదీ, పాలవాడి లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ బండికి కేటాయించండి. బ్యాటరీ కొన్న రోజు, ఆపిన రోజు, చార్జింగ్ పెట్టిన రోజులు, మీటరు చూపిన అంకె. రెండేళ్లు రాస్తే చాలు, బ్యాటరీ ఎప్పుడు ముసలిదవుతోందో ఆ అంకెలే చెబుతాయి. ఆ పుస్తకం ఇంట్లో ఎవరు చూసినా అర్థమయ్యేలా ఉండాలి. తెలిసిన ఒక్కరు ఊళ్లో లేనిరోజు ఇల్లంతా చీకట్లో కూర్చునే పద్ధతి ఇక చాలు.

జనవరి జాతరకు మా వ్యాను వెళ్లింది. వెనక పరుపు మీద అత్తయ్య, ఆమె పక్కన మా తోడికోడలి కూతురు. రాత్రి ఫ్యాను తిరుగుతుంటే అత్తయ్య అడిగింది, "అది ఎంత చూపిస్తోందే?" అని. 12.4 అన్నాను. "సగం కంటే పైనే కదా, తిరగనీ" అంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి వారం రోజులు వసారాలోంచి చూసి నేర్చుకుంది.

ఈ వానాకాలం మీ ఇంటి బండి షెడ్డులోకి వెళ్లేటప్పుడు మైనస్ తీగ మీరే ఊడదీయండి. 10 నంబరు స్పానరుతో రెండు నిమిషాల పని. ముందు ఉంగరం తీసి కొంగున ముడేసుకోండి.